నాయన లోటా గంట

ఇవాళ పొద్దున కుక్కరు చెడిపోయిందని కోడలు గిన్నెలో అన్నం పెట్టింది. పెట్టి, ఫోను మాటల్లో పడి మరిచిపోయింది. అడుగంటిన వాసన వీధి దాకా వచ్చింది. "అయ్యో అత్తా, మాడిపాయ! పారేసి మళ్ళా వండుతాను" అని పరుగెత్తింది ఆ పిల్ల. నేను గిన్నె లాక్కున్నాను. అన్నం మాడిన వాసన లోకానికంతా తప్పు జరిగిన వాసన. నాకు మాత్రం అది మా నాయనకు ఆకలి పుట్టిన వాసన. ఆ మాటే అంటే కోడలు నన్ను అదోలా చూసింది. మీరూ అలాగే చూస్తారు. అందుకని మొదటినుంచీ చెబుతాను.

మా నాయన కోలారు పక్క ఊరిగాంలో బంగారు గని నడిచినన్నాళ్ళూ షాఫ్టు నోటి దగ్గర గంట కొట్టేవాడు. షాఫ్టు అంటే భూమిలోకి నిట్టనిలువుగా దిగే బావి. కూలీలు ఇనుప బోనులో ఒకరినొకరు ఒరుసుకుని నిలబడి అందులోకి దిగుతారు. ఆ బోనును తాడు మీద దించే ఇంజను మనిషి దూరంగా షెడ్డులో కూర్చుంటాడు. అతనికి బోనూ కనపడదు, మనుషులూ కనపడరు. వినపడేది గంట ఒక్కటే. ఒక గంట అంటే ఆపు. రెండంటే దించు. ఒక గంట పడిందంటే, ఆ కొట్టినవాడే మళ్ళీ కొట్టేదాకా ఏదీ కదలకూడదు. మధ్యలో తెలివి చూపించినవాడి వల్ల ప్రాణాలు పోతాయి. ఈ నియమం గని కూలీలకు వరసగా కట్టిన మా లైను ఇళ్ళల్లో పాలు తాగే బిడ్డకు కూడా తెలుసు. అన్నేళ్ళు గంటతో మాట్లాడిన మనిషి కాబట్టి నాయన నోటితో ఎక్కువ మాట్లాడేవాడు కాదు. మాట్లాడితే మాత్రం గుచ్చుకునేట్టు మాట్లాడేవాడు. నాకొచ్చిన నోరు ఆయనదే.

గని మూతపడి చాలా ఏళ్ళయింది. నా భర్త పోయాక నేను నాయన ఇంటికే వచ్చేశాను. ఒకరోజు పొద్దున ఆయన కాఫీ లోటా పెదాల దాకా తెచ్చి కింద పెట్టేశాడు.

"ఏమి నాయనా, చక్కెర చాల్లేదా?"

"వాకరింత."

"కక్కేయ్, పోతాది."

"వస్తే కక్కనా? గడపలో నిలబడిన చుట్టం మాదిరి, లోపలికీ రాదు, బయటికీ పోదు."

ఆ పూట గడిస్తే తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. వారాలు పోయి నెలలు వచ్చాయి. ఆవాలు చిటపటమన్నా వికారమే, ఎవరింట్లోనో చేప కడిగినా వికారమే, అగరొత్తి వెలిగించినా వికారమే. "బోను జోరుగా దిగేటప్పుడు కడుపు పైనే నిలిచిపోతాది చూడు, అట్ల ఉండాది పాపమ్మా. కాని బోను అడుక్కి పోయినాక నిలబడతాది. ఇది నిలబడేదే లేదు" అనేవాడు. పెద్ద చెయ్యి, పెద్ద గొంతు ఉన్న మనిషి, చొక్కా తగిలించిన కర్రలాగా అయిపోయాడు.

జబ్బుకు పేరు తెలియకపోతే ఊరంతా డాక్టర్లే. పక్కింటి కమలమ్మ నిమ్మకాయ చేతికిచ్చి వాసన చూడమంది. ఇంకొకామె దిష్టి తీసి మిరపకాయలు నిప్పుల్లో వేసింది. ఆ ఘాటుకు నాయన కంటే ముందు ఆమే బయటికి పరుగెత్తింది. కమలమ్మ మొగుడు మునిరత్నం, గనిలో నాయన గంటకు దిగి నాయన గంటకు ఎక్కినవాడు, కారణం కనిపెట్టేశానన్నాడు.

"అంతా గని రాయి పిండి పోసిన ఆ తెల్ల దిబ్బల దుమ్ము మామా. గాలి వచ్చినప్పుడల్లా మింగితివి కదా."

"నువ్వు మింగలేదా?"

"మింగితిని."

"మరి నీకేల రాలేదు?"

"నాకు ఆకలి జాస్తి మామా. దుమ్ము కూడా అరిగిపోయింటాది."

మొక్కుకుంటే పోతుందని కురుడుమలె వినాయకుడి దగ్గరికి తీసుకుపోయాను. ఇద్దరు మనుషుల ఎత్తు దాటిన రాతి స్వామి. నాయన కాసేపు ఆయన బొజ్జను పైకీ కిందికీ చూశాడు. "ఈయన కడుపు చూస్తివా? ఈయనకి వాకరింత అంటే ఏమో తెలిసింటాదా? ఇంగెవురైనా బక్క సామి దగ్గరికి పిల్చుకోని పోవల్ల కదా" అన్నాడు. పూజారి విన్నాడు. నేను చెంపలేసుకున్నాను, నావీ నాయనవీ కలిపి.

చివరికి కోలారులో ఒక పెద్దాసుపత్రికి పోయాం. రక్తం తీశారు, ఫోటోలు తీశారు, కెమెరా ఉన్న గొట్టం గొంతులోకి దించారు. దించేటప్పుడు నాయన మంచం పట్టీ మీద వేలితో ఒక దెబ్బ కొట్టాడు. ఆపమని. డాక్టరమ్మది మైసూరు పక్క, ఆ గంట భాష ఆమెకెలా తెలుస్తుంది? పని పూర్తిచేసుకునే పైకి తీసింది. "సిగ్నల్ తెలీనోళ్ళ చేతికి బోను ఇచ్చినారు" అన్నాడు బయటికి వచ్చాక.

అన్నీ చూసి ఆమె, "ఎల్లా నార్మల్ తాతా" అంది, అంతా బాగానే ఉందని కన్నడంలో. మంచి పిల్ల, మనసుపెట్టే చూసింది.

"అయితే నేను వాకరించేది కూడా నార్మలేనా అమ్మా?"

ఆమె నవ్వింది. తర్వాత నవ్వు ఆపి నా వైపు తిరిగింది. కారణం దొరకకపోవడం కొన్నిసార్లు ఉంటుందట. కానీ తూకం ఇలాగే దిగుతూ పోతే చూస్తూ ఊరుకోలేమంది. మళ్ళీ వచ్చేసరికి దిగడం ఆగకపోతే ఆసుపత్రిలో చేర్చి, ముక్కులో గొట్టం పెట్టి, దానిగుండా తిండి పోయాలంది. తిరుగు బస్సులో నాయనకు కిటికీ పక్క సీటు దొరికింది. బంగారుపేట దాటాక కిటికీ వైపే చూస్తూ అన్నాడు: "సామి కడుపుని అంటిని కదా. తొండం ఇస్తా ఉండాడు." నవ్వాను. నవ్వుతూనే కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆయన అడిగింది ఒక్కటే. "పాపమ్మా, ఏమన్నా చెయ్యి. నోటితోనే తిని పోతాను."

ఆరోజు నుంచి మా ఇల్లు గని పద్ధతిలో నడిచింది. నోరు తెరిస్తే వికారం ఎక్కువవుతుందని నాయన పడక పక్కన ఇత్తడి లోటా, చెంచా పెట్టుకున్నాడు. ఒక దెబ్బ కొడితే నేను చేస్తున్నది ఆపాలి, పోపు కానీ మాట కానీ. రెండు కొడితే కానివ్వచ్చు. మూడంటే బేసిన్ తెమ్మని. రెండిళ్ళకూ మధ్య గోడ ఒకటే కాబట్టి ఈ గంట కమలమ్మకూ వినపడేది. ఆమె కూడా ఆపడం మొదలుపెట్టింది. ఆమెను చూసి అవతలి ఇల్లు, దాన్ని చూసి ఇంకో ఇల్లు. పోపు వేసే ముందు గోడ మీద రెండు దెబ్బలు కొట్టి అడిగేవాళ్ళు. నాయన లోటా రెండు సార్లు మోగితేనే నూనెలో ఆవాలు పడేవి. ఒక చెడ్డరోజున మా లైను మొత్తం పోపు లేని పులుసు తినింది. మునిరత్నం గోడ అవతలినుంచి అరిచాడు: "మామా, నీకు వాకరింత, మాకు పస్తు! షిఫ్టు మార్చు!"

నాకు అక్షరాలు వచ్చిందీ ఆ లోటా పక్కనే. నాయనకు రోజూ పేపరు చదవందే పొద్దు పోయేది కాదు. ఇప్పుడు అక్షరాలు చూస్తే కడుపు తిరుగుతోందని పేపరు నా మీదికి విసిరాడు.

"నువ్వు చదువు."

"నాకు యాడొస్తాది? బడికి పంపింటే కదా!"

"ఇప్పుడు పంపుతా ఉండాను. కూర్చో."

తల నెరిసిన దాన్ని, మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. ఆయన కళ్ళు మూసుకుని, ముఖం మీద తడిగుడ్డ వేసుకుని పాఠం చెప్పాడు. నేను పేపరులోని అక్షరం చూసి ఆయన అరచేతిలో వేలితో రాయాలి. ఆ గీతలు పోల్చుకుని అక్షరం పేరు చెప్పేవాడు. "గుండ్రం, నడుమ చుక్కా? అది ఠ. మన షాఫ్టు మీద చక్రం మాదిరి. మర్చిపోతే తల మింద పడతాది." తప్పు రాస్తే అరచెయ్యి టక్కున మూసేవాడు, నా వేలు అందులో ఇరుక్కునేది. కొన్నాళ్ళకు మాటలు కూడబలుక్కుని చదవగలిగాను. ముఖ్యమంత్రి అనే మాట దాటడానికి నాకు ఒక కాఫీ తాగేంత సేపు పట్టేది. నాయన తడిగుడ్డ కిందినుంచే అనేవాడు: "ఇదే మేలైన మందు. నీ మాట ముగిసేదాకా కాచుకోని కాచుకోని వాకరింతే విసిగి పోతా ఉండాది." వంటల పేజీ మాత్రం చదవకూడదు. ఒకసారి తెలియక గుత్తి వంకాయ అని మొదలుపెట్టాను. లోటా మూడు సార్లు మోగింది.

ఇన్ని చేసినా తిండి మాత్రం లోపలికి పోలేదు. రాగి గంజి రెండు గుక్కలు, మజ్జిగ ఒక గుక్క. ఆసుపత్రికి పోవలసిన రోజు దగ్గరికి వస్తోంది. ఆయన చేతి ఎముకలు చూసి తూకం నేనే చెప్పగలను. ఆ గొట్టం నా కళ్ళ ముందే ఆడుతుండేది.

అప్పుడు వచ్చింది మునిరత్నం మనవరాలి చెవులు కుట్టే వేడుక. బంధువులు వచ్చారు, లైను ముందు షామియానా వేశారు. వంట మునిరత్నమే మీద వేసుకున్నాడు. కట్టెల పొయ్యిల మీద ఒకవైపు పెద్ద అండాలో అన్నం ఉడుకుతోంది. ఇంకోవైపు సాంబారు. ఆయన గోడ మీద రెండు దెబ్బలు కొట్టించి, నాయన జవాబు విని, గరిటెలో పోపు ఎర్రగా కాచి సాంబారులో పోయబోయాడు. సరిగ్గా అప్పుడే మా ఇంట్లోంచి ఖణంగుమని ఒక్క గంట.

మునిరత్నం ఆగాడు. గరిటె గాల్లోనే ఉంది. అన్నం దించడానికి గుడ్డలు చుట్టుకుని వంగిన ఇద్దరూ గనిలో పనిచేసినవాళ్ళే, వాళ్ళూ వంగినచోటే ఆగిపోయారు. రెండో గంట కోసం అందరూ మా గుమ్మం వైపు చూశారు. రాలేదు. ఆవాలు నల్లబడ్డాయి. బంధువులకు ఏమీ అర్థం కాలేదు.

"ఏమప్పా, బొమ్మలాట ఆడతా ఉండారా? అన్నం మాడతా ఉండాది, దించండి!" అంది బెంగుళూరు నుంచి వచ్చిన వియ్యపురాలు.

"సిగ్నల్ రాలేదు వదినా."

"ఏ సిగ్నల్? రైలు వస్తాదా ఏమి?"

"ఆపినోడే ఇయ్యల్ల. మనం దాటకూడదు" అన్నాడు మునిరత్నం. చేతి మీద నూనె చిందుతున్నా గరిటె కదల్చలేదు.

కమలమ్మ నెత్తి కొట్టుకుంది. "అక్కా, పోయి చూడు! ఈ మొగోళ్ళు గని మూసినా పైకి రాలేదు!"

నేను పరుగెత్తాను. నాయన గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. లోటా నేల మీద దొర్లుతోంది. ముక్కు కింద వేలు పెట్టి చూద్దామని దగ్గరికి పోయాను. గురక. ఎన్నాళ్ళ తర్వాతో, నోరు తెరుచుకుని, నుదుటి మీద ముడత లేకుండా నిద్రపోతున్నాడు. నిద్రలో చెయ్యి తగిలి లోటా పడింది, అంతే. లోటా తీసి రెండు దెబ్బలు కొడితే బయట అన్నం మిగులుతుంది. కొడితే ఆయన లేస్తాడు. లోటా చేతిలో పట్టుకుని కొట్టకుండా బయటికి వచ్చాను.

"నిద్రపోతా ఉండాడు" అన్నాను.

మునిరత్నం గరిటెలోని బొగ్గును మెల్లగా, చప్పుడు కాకుండా మట్టిలో వంచాడు. "అయితే లేపొద్దు" అన్నాడు గుసగుసగా. అండా దించేసరికే అడుగంతా మాడిపోయింది. వాసన లైను పొడుగునా పాకింది.

లోపలినుంచి దగ్గు వినపడింది. ఇంక మూడు దెబ్బలే అనుకుని బేసిన్ తీసుకుని పోయాను. నాయన లేచి కూర్చుని ముక్కు ఎగబీలుస్తున్నాడు.

"ఏమి మాడె?"

"అన్నం నాయనా. కిటికీ మూస్తానుండు."

"మూస్తే తంతాను. రవంత తీసుకోని రా."

గిన్నెలో మాడు చెక్క తీసుకుపోయాను. విరిచి నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. నేను బేసిన్ పట్టుకునే నిలబడ్డాను. మింగాడు. ఇంకో ముక్క విరిచాడు. "ఆ బేసిన్ ఏల పట్టుకోని నిలబడినావు, సత్యనారాయణ వ్రతం ప్రసాదానికి నిలబడినట్ల?" అన్నాడు. గిన్నె ఖాళీ చేశాడు. తర్వాత లోటా అడిగి తీసుకుని రెండు దెబ్బలు కొట్టాడు. బయట ఈలలు వేశారు. మునిరత్నం కొత్త పోపు పెట్టాడు.

ఆ తర్వాత మా లైనులో అన్నం మాడని ఇల్లు లేదు. మంచి వంటగత్తె అని పేరున్న కమలమ్మ నాయన కోసం మాడ్చడం నేర్చుకుంది. అది అందరికీ వచ్చే పని కాదు. ఎక్కువైతే "బొగ్గు పంపినారు", తక్కువైతే "సగం కాలిన పీనుగ మాదిరి ఉండాది" అని తిప్పి పంపేవాడు. ఆసుపత్రిలో తూకం దిగలేదు. డాక్టరమ్మ ఏమి తింటున్నారని అడిగింది.

"మాడు" అన్నాను.

ఆమె చీటీ మీద పెన్ను పెట్టి తీసేసింది. "నేనైతే రాసివ్వలేను. కానీ గొంతులో దిగుతున్నది దిగనివ్వండి. గొట్టం వద్దు" అంది. నాయన ఆమెకు దండం పెట్టి, బల్ల మీద వేలితో రెండు దెబ్బలు కొట్టాడు. ఆమె కూడా నవ్వుతూ రెండు కొట్టింది. "నేర్చుకునింది" అన్నాడు నాయన బయటికి వచ్చి.

వికారం పోలేదు. దానికి పేరూ దొరకలేదు. మంచిరోజులు, చెడ్డరోజులు పక్కపక్కనే నడిచాయి. ఇంకా కొన్నేళ్ళు బతికాడు. పోయింది వయసు మీరి, వికారంతో కాదు. ఒక మధ్యాహ్నం నేను వానల వార్త చదువుతుండగా, మాడు చెక్క సగం తిని పక్కన పెట్టి పోయాడు. నోటితోనే తిని పోయాడు.

ఇప్పుడు నేను గబగబా చదువుతాను, ముఖ్యమంత్రిని ఒక్క ఊపున దాటేస్తాను. ఇది రాస్తున్నదీ నేనే. ఠ రాసినప్పుడు మాత్రం వేలు ఎవరో పట్టుకున్నట్టే ఉంటుంది. కోడలు మాడు చెక్క ఒకటి భయంభయంగా నోట్లో వేసుకుని, బాగానే ఉండాదే అత్తా అంది. లోటా నా పక్కనే ఉంది, ఒకవైపు సొట్ట.

కమలమ్మకు కళ్ళు సరిగా కనపడవు, మతిమరుపు కూడా వచ్చింది. కానీ పోపు పెట్టే ముందు గోడ మీద రెండు దెబ్బలు కొట్టడం మరవలేదు. కొట్టి, కాచుకుని ఉంటుంది. ఇంక అవసరం లేదని చెబుదామని చాలాసార్లు లేచాను. చెప్పలేదు. అదిగో, కొడుతోంది. నూనె కాగి ఉంటుంది. చెంచా ఎక్కడ పెట్టానో.