ఏ ఖలాస్?

నర్సన్న చదివింది ఏడో తరగతి. గల్ఫ్‌లోని రువైస్‌లో అతనుండే లేబర్ క్యాంపంతా అతన్ని జడ్జి సాబ్ అంటుంది. కరోనాకు గదుల్లో పెట్టి తాళాలేసినప్పుడు, అన్నం బాగాలేదని అరబ్బీలో ముదీర్ అనే మేనేజర్‌తో వాదించి వకీలయ్యాడు. ముదీర్ "ఖలాస్" అన్నాడు. గెలిచామని నర్సన్న చాటాడు. నాలుగోనాడు అన్నం మారింది. ఆ పేరుతోనే ఓట్లు పడి మెస్సు లీడరయ్యాడు. ఇప్పుడు తగువులు తీరుస్తున్నాడు.

నిన్న మంచం తగువొచ్చింది.

"కింది మంచం నాకియ్యమంటే ఖలాస్ అన్నడు. ఒప్పుకున్నట్టే గదా?" అన్నాడు రాజేశం.

"ఇగ ఆ ముచ్చట బంద్ జెయ్యమన్న!" అని మల్లయ్య అరిచాడు.

రెండర్థాలూ ఉన్న అరబ్బీ మాటే. నర్సన్న తల గోక్కున్నాడు.

"మీ మంచం సంగతి తర్వాత జూద్దాం. గా దినం ముదీర్ నాతోని అన్నది ఏ ఖలాసురా?"