ఐస్ ఫ్యాక్టరీ కప్పు

శ్యామ్‌సుందర్ సుల్తాన్ బజార్‌లో చీరల దుకాణంలో పనిచేస్తాడు. పెళ్లికి ముందు నుంచీ అదే దుకాణం. పగలంతా ట్యూబులైట్ల కింద చీరలు విప్పుతాడు, మడతపెడతాడు. సెలవు రోజు పొద్దు గూకాక మూతపడిన కార్ఖానాలకు పోయి ఫొటోలు తీస్తాడు.

పద్ధతి సులువే. చీకట్లో కెమెరాను స్టాండు మీద నిలబెట్టి, దాని కన్ను తెరిచి ఉంచుతారు. నల్లచొక్కా వేసుకున్న మనిషి టార్చి పట్టుకుని లోపల తిరుగుతూ, కావలసిన చోట వెలుగు పూస్తాడు. వెలుగు పడ్డదే ఫొటోలో ఉంటుంది. మనిషి ఉండడు.

టార్చి శ్యామ్‌సుందర్‌ది. కెమెరా దగ్గర బటను నొక్కి పట్టుకునేది భార్య పద్మ. ఎంతసేపని ఆమె గడియారం చూడదు. బతుకమ్మ పాట అందుకుంటుంది. చరణం ముగిసేసరికి అతను స్తంభం చాటుకు చేరాలి, ఆమె బటను వదలాలి.

అతనికి కుదరనిది ఒక్కటే. కప్పు. టార్చి వెలుగు అంత పైకి అందదు. సోడా ఫ్యాక్టరీలో సీసాల పెట్టెలు, ప్రెస్సులో అచ్చుయంత్రం చక్కగా వచ్చాయి. పైన మాత్రం నల్లగా ఖాళీ. ఆబిడ్స్‌లో ప్రింట్లు వేసే కరుణాకర్ ప్రతిసారీ అడుగుతాడు.

"ఏందన్నా, గీ ఫ్యాక్టరీకి గూడ కప్పెయ్యలేదా?"

శ్యామ్‌సుందర్ అక్కడ నవ్వేవాడు. ఇంటికొచ్చి ఆ ఖాళీనే చూసుకునేవాడు.

నాంపల్లి స్టేషన్ వెనక పాత ఐస్ ఫ్యాక్టరీ ఉంది. మొజంజాహీ మార్కెట్‌కు ఒకప్పుడు అక్కడినుంచే మంచు దిమ్మలు వెళ్లేవి. ఇప్పుడు మంచు గడ్డకట్టించిన రేకుడబ్బాలు తుప్పుపట్టి పడి ఉన్నాయి. పైన వరసగా చెక్క దూలాలు. అటువంటి కప్పు అతను ఇంకెక్కడా చూడలేదు. ఫొటోలకు యజమాని ఒప్పుకున్నాడు గానీ, సోమవారం నుంచి కప్పు రేకులు విప్పుతారని కబురు పంపాడు. ఆ ఆదివారమే ఆఖరు.

చీకటి పడగానే మొదలుపెట్టారు. పక్కనే మెట్రో వంతెన. రైలు పోయినప్పుడల్లా దాని వెలుగు గోడ మీది కిటికీల్లోంచి లోపల పడుతుంది. అతనికి అది కొత్త చీర మీద నూనె మరక. రైలు దాటిపోయేదాకా ఆగి, అప్పుడు బటను నొక్కమని "ఊఁ" అనేవాడు. టార్చిని వెదురుకర్రకు కట్టి లేపాడు. రెండు మూడు ఫొటోలు తీశారు. కప్పు రాలేదు.

"మెడ గుంజుతలేదా?" అంది పద్మ.

"జర ఊకో. ఇంకొక్కటి. ఒక్క చరణమే, యాదికుంచుకో."

"ఔ, నీ హుకుం."

ఆమె బటను నొక్కింది. ఈసారి మాటలు తనవే.

"దినమంత చీరలు ఉయ్యాలో, పొద్దూకితె దూలాలు ఉయ్యాలో..."

చరణం ముగిసింది. అతను స్తంభం చాటుకు చేరాడు. పద్మ రెండో చరణం ఎత్తుకుంది. వంటింట్లో బల్బు మాడిపోయిన సంగతి అందులోకి వచ్చింది.

"పద్మా, అయిపోయింది. ఇడువు."

ఆమె వినిపించుకోలేదు. బతుకమ్మ చుట్టూ తిరిగిన మనిషికి పాటను సగంలో వదలడం చేతకాదు. బల్బు సంగతి తేలాల్సిందే. అంతలో వంతెన మీదికి రైలు వచ్చింది. దాని వెలుగు ఒక్కొక్క దూలాన్నీ తడుముతూ ఈ కొస నుంచి ఆ కొసకు పోయింది. అతను కళ్లు మూసుకున్నాడు. పాటలో కొత్త బల్బు వెలిగాకే ఆమె ముగించి బటను వదిలింది.

"కరాబు జేస్తివి గదనే."

"నడుమల ఇడుస్తరా ఎవరన్న? చీకట్లనే వండుకోవాల్నా?"

కెమెరా వెనక తెర వెలిగింది. అతను దగ్గరికొచ్చి చూశాడు. దూలాలన్నీ ఉన్నాయి. రేకుల మడతలు, దూలాలను పట్టి ఉంచిన ఇనుప పట్టీలు, మూలన ఒక పిట్టగూడు. వెలుగు ఏటవాలుగా పడింది, జరీ మీద పడ్డట్టు. ఇందాకటి నుంచీ అతను ఆగి ఆగి పోనిచ్చింది ఈ రైలు వెలుగునే.

"మంచిగ లేదా?"

"ఉన్నది," అన్నాడు. తెర మీది దూలాలపై వేలు పెట్టి మళ్లీ అన్నాడు. "కప్పున్నది."

దూరంగా ఇంకో రైలు చప్పుడు.

"పాడు."

"పాట ఒడిసింది గద."

"నన్ను తిట్టేటియి గన్నేనా?"

"శాన ఉన్నయి."

అతను టార్చి ఆర్పి, స్తంభం వెనక రేకుడబ్బా మీద కూర్చున్నాడు. పద్మ బటను నొక్కి, ఇంట్లో నల్లా సంగతితో పాట మొదలుపెట్టింది. అది చాలా రోజులుగా కారుతోంది.