ఊగిన ట్రాలీ, ఒడిబియ్యం: చంద్రపూర్ నుంచి జివతి దాకా

చంద్రపూర్‌లో ఒక కర్మాగారంలో పెద్ద పెద్ద ఫ్యాన్లు బాగుచేసే ఫిట్టర్‌ని నేను. మనిషెత్తు ఫ్యానుకు ఒకవైపు రెక్కమీద పిడికెడు బొగ్గుపొడి అంటుకుంటే చాలు, ఊగుతుంది. ఊగితే బేరింగ్ అరుగుతుంది, అది అరిగితే ఇంకా ఊగుతుంది. గుడ్డపెట్టి తుడిస్తే పోయేది బోల్టులు ఊడేదాకా వస్తుంది. ఇంత తెలిసిన పెద్దమనిషిని, సొంత అక్కతో రెండేళ్లు మాటల్లేకుండా ఉన్నాను. అందుకే ఈ ప్రయాణం.

మా దగ్గర ఆడబిడ్డకు పుట్టింటివాళ్లు ఒడిబియ్యం పోస్తారు. పసుపు, నెయ్యి కలిపిన బియ్యం, చీర పట్టుకుని ఆమె ఇంటికి వెళ్లి, ఎదురుగా కూర్చుని చేత్తో ఒడిలో పోయాలి. అమ్మ పోయాక ఆ పని నాదీ, మా ఆవిడ సుశీలదీ. రెండేళ్ల కింద నాకు సెలవు దొరకలేదు. సుశీల వద్దంటున్నా వినకుండా బియ్యం సంచిలో కట్టి, అక్క ఊరు జివతికి పోయే బస్సులో పార్సిల్ వేశాను! అక్క మర్నాడు అదే బస్సులో తిప్పి పంపింది. నేనొక మాటన్నాను, తను రెండన్నది. చుట్టాల వాట్సాప్ గ్రూపులో నేను సంజాయిషీ పెడితే దానికి మేనమామ ఒకటి, పెదనాన్న కొడుకు ఇంకొకటి తగిలించారు. చినికి చినికి గాలివాన అయ్యింది. సర్దుదామని నేను పెట్టిన ప్రతి మెసేజూ దాన్ని ఇంకాస్త పెంచింది. మొన్న మేనకోడలు ఫోన్ చేసి, "మామా, అమ్మ ఇగ నాకు పుట్టిల్లు లేదంటున్నది" అంది. ఆ రాత్రే సుశీలను ఒడిబియ్యం కలపమన్నాను.

ఆదివారం పొద్దున ఆరున్నరకు సుశీలా నేనూ చంద్రపూర్ బస్టాండులో ఎర్రబస్సు ఎక్కాం. వర్ధా నది దాటి రాజురా చేరడానికి దగ్గర దగ్గర గంట. అక్కడ శనగల పులుసు పోసిన అటుకుల పోహా తిని, ఇంకో బస్సులో గడ్‌చందూర్ వెళ్లాం. ఇద్దరికీ కలిపి టికెట్లు రెండొందల యాభై లోపే. జివతి జీపు మాత్రం మా కళ్లముందే నిండిపోయి కదిలింది. ఇంకోటి నిండేదాకా ఆగే ఓపిక నాకెక్కడిది? సిమెంటు బస్తాలతో పోతున్న ట్రాక్టరును ఆపాను. దాని డ్రైవర్ లచ్చన్నది జివతి పక్క పల్లె.

"ఎటు పోతున్రన్నా?"

"జివతికి, మా అక్కోళ్లింటికి."

"వదినెకు నడుము నొప్పి గిట్ల లేదు గద? అయితే ఎక్కున్రి."

చెరో మడ్‌గార్డు మీద కూర్చున్నాం. సుశీల బియ్యం సంచి ఒళ్లో పెట్టుకుంది. కొండెక్కుతుంటే చేను మధ్య నిలువెత్తు లోతున్న ఒక గండి కనిపించింది. అంత పెద్దది ఎట్లా పడిందని అడిగాను.

"నాలుగేండ్ల కింద అది బండి చక్రం గాడి, అన్నా. వాన నీళ్లు అండ్ల దూరినయ్, కోసినయ్. లోతైనకొద్దీ ఇంకిన్ని నీళ్లు దానికే మళ్లినయ్. ఓ తట్ట మట్టి అప్పుడే ఎయ్యకపోయిరి."

సుశీల నావైపు చూసింది. నేను కొండవైపు చూశాను.

ఆ తర్వాత దిగుడు వచ్చింది. వెనక ట్రాలీ కొంచెం ఇటు, కొంచెం అటు ఊగింది. మరు ఊపు మొదటిదానికంటే పెద్దది, దాని తర్వాతది ఇంకా పెద్దది. "బ్రేక్ కొట్టు! అటు తిప్పు!" అని అరిచాను. లచ్చన్న రెండూ చేయలేదు. రేసు తగ్గించి, స్టీరింగు గట్టిగా పట్టుకుని, "హళూ, హళూ" అని, మెల్లగా మెల్లగా అని ఎద్దుకు చెప్పినట్టు, మరాఠీలో ఇంజనుకు చెప్పుకున్నాడు. నాలుగు ఊపుల తర్వాత ట్రాలీ తనంతట తానే నెమ్మదించింది. నా గుండె మాత్రం ఇంకా ఊగుతూనే ఉంది.

"బ్రేక్ కొడితే ఎనకది మీదికొచ్చి తోస్తది, అన్నా. నువ్వు గిట్ల తిప్పితే అది గట్ల పోతది. ఎదురు పోవద్దు, ఇడవద్దు. సక్కగ పట్టుకొని ఊకుంటే అదే సల్లవడతది. అయినా తప్పు నాదే. ముందుగల దించేటియి అలకగ దించొచ్చని బరువంతా ఎనకకేసిన."

బండి ఆపి, ఇద్దరం కలిసి పది బస్తాలు ముందుకు జరిపాం. నా తెల్లచొక్కా బూడిదరంగుకు తిరిగింది. జివతిలో దింపాక డబ్బులు ఇవ్వబోతే వద్దన్నాడు. సుశీల డబ్బా తీస్తే రెండు సకినాలు మాత్రం పట్టుకెళ్లాడు.

అక్క వాకిట్లో కూర్చుని పత్తిలో చెత్త ఏరుతోంది. నన్ను చూసి లేవలేదు.

"ఈసారి బియ్యానికి బస్సు దొరకలేదా?"

దీనికి జవాబు చంద్రపూర్ నుంచే నా నాలుక మీద సిద్ధంగా ఉంది. లచ్చన్న చేతులు గుర్తొచ్చి ఊరుకున్నాను.

"అమ్మ ఉంటే గిట్ల జరుగుతుండెనా?"

సుశీల చేతిలోంచి సంచి తీసుకుని గట్టిగా పట్టుకున్నాను. వెనక్కి తిరగలేదు, మాటా అనలేదు.

"ఏందిరా, నోరు పడిపోయిందా? గా చొక్కా ఏంది? ఏమన్న తిన్నవా?" అంది.

"తప్పయిందక్కా," అన్నాను. రెండేళ్లలో అన్ని మెసేజులు పెట్టాను గానీ, ఈ ఒక్క మాట పెట్టలేదు.

అక్క కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చి పీట మీద కూర్చుని ఒడి పట్టింది. మొదట సుశీల, తర్వాత నేను పోశాం. నా దోసిట్లోంచి బియ్యం కొంచెం నేలమీద పడితే, అక్క ఒక్కో గింజా ఏరుకుంది. తర్వాత దేవుడి గూట్లోంచి చిన్న స్టీలు డబ్బా తెచ్చి మూత తీసింది. అడుగున పురుగు పట్టి సగం పొడైపోయిన పసుపు బియ్యం.

"నువ్వు బస్సుల పంపినయే. తిప్పి పంపితే మొత్తం పంపిన్ననుకున్నవా? పుట్టింటి బియ్యం ఒక్క పిడికెడన్న ఉంచుకోకుంట ఎట్ల పంపుతనురా?"

ఏడ్చాను. అక్క ముందు నాకు సిగ్గేంటి?

ఏ ఫ్యానునైనా కొలవకుండా ముట్టుకోని నేను, అక్క నన్ను మొత్తంగా తోసేసిందని రెండేళ్లు కొలవకుండానే నమ్మాను. తిరిగొచ్చిన సంచి ఒక్కసారి తూచినా పిడికెడు తక్కువని తెలిసేది. పైగా ఊగుతున్నదాన్ని ఆపుతున్నాననుకుంటూ నేనే తోస్తూ వచ్చాను.

మీరూ ఈ దారిన వెళ్తే, గడ్‌చందూర్‌కు పదింటి లోపు చేరండి, తర్వాత జీపులు నిండటం ఆలస్యం. ట్రాక్టరే దిక్కయితే బరువు ట్రాలీ ముందువైపు ఉందో లేదో చూసి ఎక్కండి. బియ్యం తీసుకెళ్తుంటే మాత్రం, మీ ఒళ్లో పెట్టుకునే తీసుకెళ్లండి.