తలుపు పక్కన నిలబడ్డ మనిషి

పెరంబూరులో రైలు పెట్టెల ఫ్యాక్టరీకి పోయే దారిలో, ఒక సందు మొగదల ఉసేనయ్య పరుపుల దుకాణం ఉంది. మసీదులో ఆయన్ని హుస్సేన్ భాయ్ అంటారు. దూదేకుల కుటుంబం కాబట్టి ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, మసీదులో మాత్రం తంటాలుపడి నేర్చుకున్న ఉర్దూ. ఆ ఉర్దూ విని కుర్రాళ్ళు మూతి బిగించి నవ్వు ఆపుకునేవాళ్ళు. ఆయన పట్టించుకోలేదు. ఒకటి పట్టుకుంటే వదిలే రకం కాదు. మంచిని పట్టుకున్నా అంతే, మొండితనాన్ని పట్టుకున్నా అంతే.

తండ్రి పోయినప్పుడు ఆయనకు మీసం కూడా రాలేదు. దూదేకే విల్లు భుజాన వేసుకుని వ్యాసర్పాడి నుంచి పురసవాక్కం దాకా వీధి వీధీ తిరిగాడు. మనిషికంటే పొడుగు విల్లు. దాన్ని మోసీ మోసీ ఎడమ భుజం కిందికి జారి, అలాగే ఉండిపోయింది. వెనకాల దూది మూటతో తమ్ముడు జిలానీ నడిచేవాడు. పురసవాక్కం బజారు రద్దీలో తప్పిపోకుండా ఉండటానికి వాడికి ఆ వంగిన భుజమే గుర్తు. అన్న ముఖం కంటే అన్న వీపే వాడు ఎక్కువగా చూశాడంటే అబద్ధం కాదు.

పెళ్ళయిన కొత్తలో ఉసేనయ్యను జమాత్ వాళ్ళు పిలిచారు. వాళ్ళు ఊరూరా తిరిగి, తమ మతం వాళ్ళనే మళ్ళీ నమాజుకు రమ్మని బతిమాలే మనుషులు. రాజకీయం మాట్లాడరు. చందా అడగరు. పక్కబట్టలు తామే మోసుకుని, మసీదుల్లో పడుకుని, తమ వంట తామే వండుకుంటారు. వాళ్ళ వెంట తిరిగాక ఉసేనయ్య సారాయి మానేశాడు, భార్య మీద చెయ్యి ఎత్తడం మానేశాడు. ఈ మాట మస్తానమ్మే పది మందికీ చెప్పేది. అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది.

జిలానీ పీర్ల పండక్కి డప్పు కొట్టేవాడు. వాడి డప్పు కోసం వీధిలో హిందువులూ ముస్లిములూ ఎదురుచూసేవాళ్ళు. అది తప్పని ఉసేనయ్య చెప్పి చూశాడు, వాడు నవ్వేశాడు. ఒక పండగ పొద్దున ఉసేనయ్య పరుపుగుడ్డ కోసే కత్తితో డప్పు చర్మం నిలువునా చీరేసి, "నమాజుకొస్తే ఇంటికి రా. లేదంటే ఈ గడప తొక్కొద్దు" అన్నాడు. జిలానీ ఆ పొద్దే ఇల్లు వదిలాడు. హార్బరుకు పోయి, ఓడలో వంటవాడుగా చేరి, ఇంగ్లండులో దిగిపోయాడు. అక్కడ ఒక తెల్లామెను పెళ్ళాడాడని, ఫలానా ఊళ్ళో ఉన్నాడని ఓడ మనుషుల నోట విన్నారు. అంతకుమించి కబురు లేదు. ఉసేనయ్య గడ్డం నెరిసింది.

నిరుడు చలికాలంలో ఒక జమాత్ ఇంగ్లండుకు బయలుదేరుతోందని, అది ఆ ఊరికి కూడా పోతుందని తెలిసి ఉసేనయ్య పేరిచ్చాడు. మస్తానమ్మ సంచి సర్దుతూ, "దేవుడి పనిమీద పో, వద్దనను. అయితే వాణ్ణి చూడకుండా వస్తివా, ఈ ఇంట్లో నీకు కూడు పెట్టను" అంది. తమాషాకు అనలేదు.

జిలానీ ఉంటున్నది ఒకప్పటి బట్టల మిల్లుల ఊరు. మిల్లులు మూతపడ్డాయి, వాటిలో పనికి వచ్చిన మనుషులు మిగిలారు. మసీదును పెద్దది చేయకూడదని ఊళ్ళో కొందరు సంతకాలు సేకరిస్తున్నారు. పొడుగు జుబ్బాలతో వీళ్ళు వరసగా నడుస్తుంటే కిటికీ తెరలు మూసుకునేవి. ఒకడు కారు ఆపి మరీ తిట్టిపోయాడు. పోలీసాయన వచ్చి మర్యాదగానే ఎవరు, ఎందుకు వచ్చారని అడిగి, టీ తాగి పోయాడు. అక్కడే పుట్టిన ముస్లిం కుర్రాళ్ళు కూడా, "మీరు రేపు పోతారు, మేము ఈ వీధిలోనే బతకాలి" అని మొహమాటంగా తప్పుకునేవాళ్ళు. ఎవరికీ హాని తలపెట్టని మనిషిని ఇంతమంది అనుమానంగా చూడటం ఉసేనయ్య ఎరగడు.  తలవంచుకుని నడిచేవాడు.

సాయంత్రాలు జట్టుగా తలుపులు తట్టాలి. దానికి పద్ధతి ఉంది. దారి చూపే స్థానికుడు ముందు. మాట్లాడటానికి నియమించిన మనిషి ఒక్కడే మాట్లాడాలి. మిగతావాళ్ళు నోరు విప్పకుండా మనసులో దేవుణ్ణి తలచుకోవాలి. లోపలి ఆడవాళ్ళ మీద చూపు పడకుండా తలుపుకు పక్కగా నిలబడాలి. మూడుసార్లు పిలిచినా తీయకపోతే, కోపం తెచ్చుకోకుండా తిరిగిపోవాలి.

ఆ ఊళ్ళో చివరి సాయంత్రం, సన్నగా వాన పడుతుండగా, దారి చూపే కుర్రాడు ఒక ఎర్ర ఇటుకల ఇంటిముందు ఆగి, "ఇది మద్రాసు జిలానీ గారిల్లు. ఏ జమాత్ వచ్చినా తలుపు తీయడు" అన్నాడు.  కుర్రాడు బెల్లు నొక్కాడు. మాట్లాడే మనిషి ఉర్దూలో సలాం చెప్పాడు. ఉసేనయ్య పద్ధతి ప్రకారం పక్కన, గోడవారగా, తలవంచుకుని నిలబడ్డాడు. ఒరే జిలానీ, అంటే చాలు. అంతకంటే ఏమీ అక్కర్లేదు. అది ఆయనకూ తెలుసు. జట్టులో తన పని మాట్లాడటం కాదు గదా అని నోరు కట్టేసుకుని నిలబడ్డాడు. మూడోసారి కూడా తలుపు తెరుచుకోలేదు. అందరూ వెనుదిరిగారు. అందరికంటే వెనక ఉసేనయ్య నడిచాడు.

మర్నాడు తెల్లవారకముందే జమాత్ ఇంకో ఊరికి పోయింది. మధ్యాహ్నం ఆ కుర్రాడు ఫోన్ చేశాడు. మద్రాసు జిలానీ పొద్దున్నే మసీదుకొచ్చాడట! ఇన్నేళ్ళలో మొదటిసారట! వాడు తన తమ్ముడని ఉసేనయ్య అప్పుడే బయటపెట్టాడు. అమీర్, అంటే జట్టు పెద్ద, ఉసేనయ్యను కౌగిలించుకున్నాడు. ఉసేనయ్య వెక్కి వెక్కి ఏడ్చాడు. కావాలంటే వెనక్కి పోయి తమ్ముణ్ణి చూసిరమ్మన్నాడు అమీర్. ఉసేనయ్యే వద్దన్నాడు. ఇప్పుడు తాను కనబడితే వాడు దేవుడి కోసం వేసిన అడుగు అన్న కోసం వేసినట్టయిపోతుందనీ, వాణ్ణి కొన్నాళ్ళు కుదురుకోనివ్వాలనీ ఆయన లెక్క. ఎంత గొప్ప లెక్క వేశావయ్యా ఉసేనయ్యా.

పెరంబూరు మసీదులో ఈ కథ నలుగురి నోళ్ళలో నానింది. కొత్తగా బయలుదేరే జట్లకు అమీర్ దాన్నే చెప్పేవాడు. మస్తానమ్మ కూడు పెట్టింది గానీ, "వాడి ముఖం చూసినావా అంటే చెప్పవే" అని గొణుగుతూనే ఉంది. కుర్రాడి దగ్గర నంబరు తీసుకుని ఉసేనయ్య ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎవరూ ఎత్తలేదు.

మొన్న ఆ నంబరు నుంచే ఫోన్ వచ్చింది. అవతల ఒక అమ్మాయి ఇంగ్లీషులో మాట్లాడుతోంది. ఉసేనయ్య పక్క దుకాణానికి పరుగెత్తి భక్తవత్సలాన్ని పట్టుకొచ్చాడు. ఆయన ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేసి రిటైరై ఇప్పుడు దిండుగలేబులు అమ్ముకుంటున్నాడు. ఇద్దరికీ చిన్ననాటి స్నేహం. భక్తవత్సలం ఫోన్ చెవికి పెట్టుకుని విన్నాడు. ఆయన ముఖం వాడిపోయింది.

"మీ తమ్ముడి కూతురంట. పేరు సారా. ఉసేనయ్యా, కూసో ముందు."

"చెప్పు వత్సలం."

"జిలానీ పొయినాడంట. ఆస్పత్రిలో. పోయిన వారం."

మస్తానమ్మ గోడకు జారగిలబడి కూలబడింది. ఉసేనయ్య మాత్రం, "నమాజులోకి వచ్చినాక పొయినాడు. అదన్నా దక్కింది" అన్నాడు.

భక్తవత్సలం ఇంకా చాలాసేపు విని, ఫోన్ పెట్టేసి పోబోతే ఉసేనయ్య చెయ్యి పట్టుకున్నాడు.

"ఇంకా ఏమో చెప్పింది గదా. నన్ను చూసి దాయొద్దు."

"ఆడ జుబ్బాలవాళ్ళు కనబడినప్పుడల్లా పనిలో అందరూ వీణ్ణే అడిగేవాళ్ళంట, వీళ్ళు నీవాళ్ళేనా అని. అందుకే తలుపు తీసేవాడు కాదంట, తెలీని నంబరైతే ఫోనూ ఎత్తేవాడు కాదంట. వాళ్ళ బెల్లులో కెమెరా ఉంది. ఆ పొద్దు కూడా లోపల దీపం ఆర్పేసి ఫోన్‌లో చూస్తా కూర్చున్నాడంట. నువ్వు పక్కకు నిలబడితివి, అందుకని కనబళ్ళా. తిరిగి పొయ్యేటప్పుడు నీ వీపు కనబడిందంట."

ఉసేనయ్య కళ్ళార్పకుండా చూశాడు.

"భుజం చూసి పోల్చుకున్నాడంట. తలుపు తీసుకుని వీధి మలుపు దాకా ఉరికినాడంట, ఇంటి చెప్పులతోనే, వానలో. మీరు ఏ సందులో తిరిగినారో. పొద్దున్నే మసీదుకు పొయినాడు. నమాజుకు కాదు ఉసేనయ్యా. మా అన్న యాడ అని అడగను పొయినాడు. వాళ్ళు సంతోషంతో చుట్టుకుని కూసోబెట్టి బోధ చేసినారంట. వీడి మాట వినిపించుకోనేలేదంట. ఇంటికొచ్చి కూతురితో ఒకే మాట అన్నాడంట."

"ఏమని?"

భక్తవత్సలం మస్తానమ్మ వైపు చూశాడు. మస్తానమ్మ నేలమీది నుంచే, "చెప్పన్నా. విననీ" అంది.

"మా అన్న నా గడపదాకా వచ్చి, నన్ను పిలవకుండానే పొయినాడే అని."

సారా ఆ వీడియో పంపింది. కుర్రాడి ముఖం, మాట్లాడే మనిషి ముఖం, వాన. అందరూ తిరిగిపోతుంటే, చివర్న ఎడమ భుజం జారిన ఒక వీపు. మెట్లు దిగి, ఒక్కసారైనా వెనక్కి చూడకుండా పోయింది. ఉసేనయ్య మళ్ళీ మళ్ళీ పెట్టించుకున్నాడు. "తిరుగురా, తిరుగు" అని ఆ వీపును బతిమాలాడు. భక్తవత్సలం ఇక చూడలేక తన దుకాణంలోకి పోయాడు.

ఆ గురువారం సాయంత్రం మసీదులో కూటం. యూరప్‌కు బయలుదేరే కొత్త జట్టు ముందు వరసలో కూర్చుంది. జిలానీ పోయిన సంగతి తెలియని అమీర్ ఉసేనయ్యను లేపి, ఇంగ్లండు కథ తన నోటితోనే చెప్పమన్నాడు. ఉసేనయ్య భుజం ఇంకాస్త కిందికి జారి ఉంది. ఉర్దూలోనే మొదలుపెట్టాలనుకున్నాడు. ఇన్నేళ్ళు నేర్చుకున్న ఉర్దూ ఒక్క ముక్క రాలేదు. తెలుగే వచ్చింది.

"వాడు నమాజుకు రాలా. నాకోసం వచ్చినాడు. నేను వాణ్ణి పిలవలా. నా తమ్ముణ్ణి నేను పిలవలా."

గడ్డం మీదుగా నీళ్ళు కారుతున్నాయి. తమ్ముడు మసీదుకొచ్చిన సంతోషం పట్టలేక ఏడుస్తున్నాడనుకున్నారు జనం. ఆ వరసల్లో తెలుగు తెలిసినవాడు ఒక్కడూ లేడు. "సుభానల్లా" అన్నారు అందరూ.