రోకలికి ఆనించిన గిటారు

పోయిన వారం హిందూపురంలో మా ఇంటికి ఒక పుస్తకం పార్సిల్లో వచ్చింది. నాలుగు వందల పేజీలు, నున్నటి కాగితం, అట్ట మీద నెరిసిన జుట్టుతో, నల్ల కళ్లద్దాలతో ఒక పెద్దాయన బొమ్మ. ఈయన ఒకప్పుడు బెంగుళూరు కాలేజీల్లో ఇంగ్లీషు రాక్ పాటలు పాడి, ఆ తర్వాత సబ్బులకూ పళ్లపొడులకూ ప్రకటనల పాటలు కట్టి స్థిరపడినాడు. ఇప్పుడు తన బ్యాండు కథ రాసుకున్నాడు. నేను కత్తెరతో కట్టు విప్పుతుంటే మా ఇంటాయన పేపరు దించి, "ఇంగొగడా? వీడు ఏం తాగి చెడిపోయినాడంట?" అని అడిగినాడు. ఆయన ఎగతాళి చేయడంలో తప్పులేదు. మా ఇంట్లో ఒక బీరువా నిండా ఇవే. జూనియర్ కాలేజీలో ముప్పై ఏళ్లుగా ఇంగ్లీషు చెప్పే మనిషి ఇంట్లో గొప్ప నవలలు ఉంటాయనుకుని వచ్చినవాళ్లు ఆ బీరువా చూసి, నా ముఖం చూసి, కాఫీ తాగి వెళ్లిపోతారు.

ఇన్ని చదివిన తర్వాత నాకు కొన్ని అభిప్రాయాలు ఏర్పడినాయి, ఎవరు కాదన్నా మార్చుకోను. రాక్ పాటగాళ్లు రాసుకున్న జీవితకథలు చాలావరకు అద్దం ముందు కూర్చుని రాసినవి. మొదట్లో పాడైపోయిన రేడియో ఒకటి, గట్టి మనసున్న అవ్వ ఒకరు ఉంటారు. నడుమ మత్తుమందులూ, విరిగిన హోటలు కుర్చీలూ. చివర ఎక్కడో తోట కొనుక్కుని కోళ్లను పెంచుతూ అందరికీ క్షమాపణలు చెప్పుకుంటారు. ఏం తప్పు చేసినారో చెప్పరు, క్షమాపణ మాత్రం చెబుతారు. మొదటి భార్యకు రెండు వాక్యాలు, మొదటి గిటారుకు రెండు పేజీలు. డ్రమ్ములు వాయించేవాళ్లు రాసినవి నయం. వాళ్లు వెనక కూర్చుంటారు కాబట్టి అందరి వీపులూ చూసి ఉంటారు. బయటివాళ్లు రాసిన బ్యాండు చరిత్రలంటే నాకు మరీ ఇష్టం. నలుగురిని నాలుగు చోట్ల కూర్చోబెట్టి ఒకే గొడవ గురించి అడుగుతారు, నలుగురూ నాలుగు గొడవలు చెబుతారు. మా చుట్టాల్లో పెళ్లి జరిగిన మరుసటి రోజు కూడా ఇట్లాగే ఉంటుంది. ఇక బేస్ గిటారు వాయించేవాళ్లయితే పుస్తకం రాయనే రాయరు. నాలుగు లావుపాటి తీగలు, అన్నిటికంటే కింది స్వరం. అది ఉన్నంతసేపూ ఎవరూ పట్టించుకోరు. అది ఆగిపోతే మాత్రం ఇంట్లో దూలం తీసేసినట్టు ఉంటుంది. ఈ సంగతి నాకు చెప్పినవాడు మా మామ.

మా మామ అంటే అమ్మకు ఒకే ఒక్క తమ్ముడు. మాది పెనుకొండ, అమ్మ పుట్టిల్లు ధర్మవరం. తాత పట్టుచీరల డిజైన్లకు అట్టలు కొట్టేవాడు. అంటే మగ్గానికి ఏ పోగు లేవాలో, ఏ పోగు పడుకోవాలో చెప్పే బెజ్జాల అట్టలు. కొడుకును డిప్లొమా చదవమని బెంగుళూరు పంపిస్తే, కొడుకు చదువుతో పాటు బేస్ గిటారు నేర్చుకున్నాడు. సెలవులకు పెనుకొండ వచ్చినప్పుడు సంచి నిండా క్యాసెట్లు తెచ్చేవాడు. మా నాయన లేని వేళ చూసి టేపు రికార్డరు పెట్టి, "పాడేవాన్ని ఇడ్సిపెట్టు పాపా, కింద నడుస్తాండేది ఇను" అనేవాడు. నా ఇంగ్లీషు సగం ఆ క్యాసెట్ల నుంచి వచ్చిందే. ఈ పాటగాడి బ్యాండులో మామది ఆ కింద నడిచే పని. పార్సిలు ఎందుకు తెప్పించానో ఇప్పుడు మీకు తెలిసిపోయి ఉంటుంది.

మామ ప్రస్తావన నలభయ్యో పేజీలో వచ్చింది. ధర్మవరం మగ్గాల చప్పుడు వింటూ పెరిగాడు కాబట్టి తాళం ఒంట్లోనే ఉండేదట. చదివి కోపం ఆపుకోలేకపోయాను. తాత ఇంట్లో మగ్గమే లేదు. పక్కింటి మగ్గం చప్పుడంటే మామకు తలనొప్పి, అది ఆగిన మధ్యాహ్నాల్లోనే క్యాసెట్లు వినేవాడు. కానీ రాసేవాళ్లకు ఇట్లాంటివి కావాలి. రైలు కట్ట పక్కన పుట్టినవాడికి రైలు తాళం, ధర్మవరంలో పుట్టినవాడికి మగ్గం తాళం. మరి హిందూపురంలో మార్కెట్టు వెనక పుట్టినవాడికి మిరపకాయల ఘాటు తాళమా?

నూటపదో పేజీ దాకా ఇట్లాగే తిట్టుకుంటూ పోయాను. అక్కడ రాసింది ఇది. బ్యాండుకు దొరికిన అతి పెద్ద కచేరీ, మైదానంలో వేలమంది. వాళ్లను వినడానికని బొంబాయి నుంచి రికార్డుల కంపెనీ మనిషి ఒకాయన వచ్చినాడు. ఆ పొద్దున్నే తమ బేస్ వాయించేవాడు గిటారు చంకన పెట్టుకుని ఊరికి పారిపోయాడు. పల్లెటూరి పిల్లవాడు, అంతమంది ముందు నిలబడాలంటే గుండె జారిపోయింది. ముగ్గురే వాయించారు. కంపెనీ ఆయన సగంలో లేచిపోయాడు. బ్యాండు ఆ రోజే చచ్చిపోయింది. పక్క పేజీలో ఆ కచేరీ వాల్‌పోస్టరు అచ్చేశారు, తేదీతో సహా.

ఆ తేదీ నాకు తెలుసు. అమ్మ పోయాక నా దగ్గరకు వచ్చిన సామాన్లలో ఒక పాత పంచాంగం ఉంది. మాలో ఆడపిల్ల పెద్దమనిషి అయిన రోజూ, గడియా, నక్షత్రమూ రాసిపెడతారు, పెళ్లి కుదిర్చేటప్పుడు కావాలని. తీసి చూశాను. కచేరీ ఆదివారం. అమ్మ తన గుండ్రటి అక్షరాలతో నా పేరు రాసి పెట్టింది దానికి ముందు రోజు, శనివారం సాయంత్రం కింద.

అప్పుడు నాకు పన్నెండేళ్లు. పెద్దమనిషి అయిన పిల్లను ఇంట్లోకి రానివ్వరు. మేనమామ వచ్చి, తన చేత్తో పచ్చి మట్టలతో గుడిసె కట్టి, అందులో కూర్చోబెట్టాలి. తొమ్మిదో రోజు మళ్లీ ఆయనే దాన్ని పీకాలి. అంతవరకూ నాకు వేరే చెంబు, వేరే చాప. ఈ ఆచారం గురించి తర్వాత నేను ఎన్ని సభల్లో ఎంత ఘాటుగా మాట్లాడినా, ఆ రోజు మాత్రం వరండా మూలలో గోనెపట్ట మీద ముడుచుకుని ఏడ్చినదాన్నే. ధర్మవరం నుంచి వచ్చిన అవ్వ ఒకటే మాట మీద ఉంది: "వాడు రానీ. వాడు గట్టకుండా పాపకు నీళ్లు పోసేది ల్యా." బెంగుళూరులో మామ గది కింద ఉన్న అంగడికి ఫోను చేయించారు. మామ ఆదివారం పొద్దున రైలు దిగి వచ్చినాడు, భుజాన గిటారుతో.

ఈత మట్టలూ వేపమండలూ కోసుకొచ్చి, పెరట్లో గుడిసె కట్టేసరికి ఆయన అరచేతులు చీరుకుపోయినాయి. అవ్వ నీళ్లు పోసి నన్ను లోపల కూర్చోబెట్టి, గాలీ ధూళీ సోకకుండా గుమ్మానికి అడ్డంగా రోకలి పెట్టింది. మామ చెయ్యి కడుక్కుని, గిటారు భుజానికి తగిలించుకుని గుడిసె ముందుకు వచ్చి, "పోయొస్తా పాపా, రెండు గంటల బస్సుకు పోవల్ల" అన్నాడు. నాకప్పటికే నోరు ఎక్కువ. "పో. కట్టినావు గదా, నీ పని అయిపాయ. నాకంటే నీకు ఆ డబ్బానే ఎక్కువ" అన్నాను. మామ భుజాన ఉన్న గిటారు దించినాడు. తర్వాత రోకలికి అవతల, నేల మీద కూర్చున్నాడు.

యాంప్లిఫయరు అనే కరెంటు పెట్టె లేకుండా బేస్ గిటారు మోగదు. తీగ కదలడం కనబడుతుంది, చప్పుడు చెవిదాకా రాదు. మామ గిటారు తలను రోకలి ఆ చివరకు ఆనించి, "ఈ పక్క చెవి పెట్టు" అన్నాడు. నేను వంగి, నూనె పట్టిన ఆ కొయ్య మీద చెవి పెట్టాను. దాంట్లో నుంచి వచ్చింది ఆ శబ్దం. చెవికి కాదు, దవడలోకి, పళ్లలోకి, మెడ ఎముకలోకి. ఎన్ని పాటలు వాయించాడో తెలియదు. పొద్దు వాలినాక అవ్వ వచ్చి, "మైల పిల్ల దగ్గర ఏం ఆటలు రా ఇవి?" అని కసిరేదాకా వాయించాడు. ముట్టుకోకూడని పిల్లను ఎవరూ ముట్టుకోకుండానే ముట్టుకున్న సాయంత్రం అది. నా కోసమే గిటారు మోసుకొచ్చాడని నలభై ఏళ్లు అనుకున్నాను. చాలామందికి గొప్పగా చెప్పుకున్నాను కూడా. నా కోసం కాదు. ఇక్కడి నుంచి నేరుగా మైదానానికి పోవాలని తెచ్చుకున్నాడు.

గుడిసె పీకినాక మామ బెంగుళూరు వెళ్లాడు, నాలుగు రోజులకే తిరిగొచ్చి, తాత పక్కన కూర్చుని అట్టలు కొట్టడం మొదలుపెట్టాడు. ఎందుకని అడిగితే, "అది మనకు సరిపడల్యా" అనేవాడు. చుట్టాలు గిటారప్ప అని పిలిచి నవ్వేవాళ్లు. నేను డిగ్రీ చదివే రోజుల్లో ఒకసారి ఆయన ముఖం మీదే అన్నాను, నీకు భయం మామా, గట్టిగా నిలబడి ఉంటే ఈ పాటికి పేరొచ్చేది అని. పాటగాడు అచ్చేసిన మాటను నేను ముప్పై ఏళ్ల ముందే అనేశాను. మామ అప్పుడు కూడా నవ్వి ఊరుకున్నాడు.

మొన్న ఆదివారం పుస్తకం సంచిలో పెట్టుకుని ధర్మవరం రైలెక్కాను. మామకిప్పుడు అరవై రెండు. అట్టల పని కంప్యూటర్లు తీసుకున్నాయి, ముందు గదిలో కుర్చీలో కూర్చుని వీధి చూస్తుంటాడు. ఆ పేజీని తెలుగులో చదివి వినిపించాను.

"పారిపోయినా అని రాసినాడా?" అని నవ్వాడు. "పోనీలే పాపా. ఒగడన్నా పారిపోకుంటే సదివేటోళ్లకు కుశాల యాడుంటాది?"

"నవ్వగాకు మామా, నాకు ఒళ్లు మండుతాంది. ఎందుకు పోతాండావో వాళ్లకు చెప్పకపోతివా?"

"చెప్పినా. ఊర్లో పనుండాది, సాయంత్రానికి వస్తా అంటి."

"ఏం పనో చెప్పినావా?"

మామ వీధి వైపు తిరిగాడు. "ఆడపిల్ల సంగతి ముగ్గురు మొగోళ్ల ముందర ఎట్ల జెప్పేది? మళ్లా పోయినప్పుడు గూడా అడిగిరి. గదిలో నుంచి నా పెట్టె, పరుపు తీసి మెట్ల మీద పెట్టినారు. అప్పుడు గూడా నోరు రాల్యా."

"నాకు యాబై రెండేండ్లు మామా!"

"అప్పుడు పన్నెండు."

పుస్తకం మూసి అడిగాను, ఆ పొద్దు గుడిసెలో నుంచి నేను ఆ మాట అనకపోయింటే బస్సెక్కేవాడివా అని. మామ ఇంకేదో ఆలోచిస్తున్నాడు.

"ఆ పొద్దు నా బదులు ఎవురు వాయించిరంట?"

"ఎవరూ ల్యా. ముగ్గురే."

మామ ముఖంలో నవ్వు పోయింది. భయస్థుడన్నా కదలని మనిషి కుర్చీలో ముందుకు వంగినాడు. "ఎవురూ లేకుండానా? డ్రమ్ములు వాయించేటోనికి ఒగ స్నేహితుడు ఉండె, బాగా వాయిస్తాడు. వాన్ని పిల్సుకోనుంటారు అనుకుంటి. ఇన్నేండ్లూ అట్లనే అనుకుంటి." ఎడమచేతి వేళ్లు మోకాలి మీద ఒకటొకటిగా నొక్కుకుంటున్నాయి, తీగలున్నట్టు. "కింద ఏమీ లేకుండా పాట ఎట్ల నిలబెట్టినారు పాపా? పాపం పిల్లోళ్లు, అంతమంది ముందర ఎంత అవస్థ పడినారో."

ఆ పిల్లోళ్లందరికీ అరవై దాటింది. వాళ్ల కోసం మా మామ కళ్లు తుడుచుకున్నాడు. నేను పాటగాడి మీద వాదించడానికి ఊరి నుంచి మూటగట్టుకొచ్చిన మాటలన్నీ మూటలోనే ఉండిపోయాయి.

బయల్దేరేటప్పుడు, ఆ పాటగాడికి ఉత్తరం రాస్తానన్నాను. వద్దన్నాడు. అయితే నేనే అచ్చులో రాస్తాను, సిగ్గుపడే వయసు నాకు దాటింది, నువ్వు ఆపలేవు అన్నాను. "నీతో వాదులాడేది నాకు యాడ శాతనవుతాది? రాసుకో. పేర్లు మాత్రం పెట్టగాకు. నాదీ వద్దు, వాండ్లదీ వద్దు" అన్నాడు. అందుకే పెట్టలేదు.

తిరుగు రైల్లో పెనుకొండ కొండ కనబడి దాటిపోయేదాకా కిటికీ దగ్గరే నిలబడ్డాను. ఆ ఆదివారం బెంగుళూరు మైదానంలో వేలమందికి వినబడాల్సింది ఈ కొండ కింద, ఒక రోకలి చివర, నా ఒక్కదాని చెవికి వినబడింది. అది నాది కాదని తెలియడానికి నలభై ఏళ్లు పట్టింది. తెలిసేసరికి మామకు తిరిగి ఇవ్వాల్సిన ఆ సాయంత్రం యాడా లేదు.