జరీ చుట్టిన టెర్మినల్

మా మేనమామ పోయాడన్న కబురు మొదట వాట్సాప్‌లో వచ్చింది. పంపింది దూరపు చుట్టం. పాత ఫోటో, దాని కింద దండం పెడుతున్న చేతుల బొమ్మ. ఎప్పుడు, ఎక్కడ, ఎలా అన్నది లేదు. నమ్మకుండా అత్తకు ఫోన్ చేశాను.

"నిజమే అల్లుడా. పొద్దున చాయ్ తాగి గోడకు ఆనుకొని కూసున్నడు. మల్ల లేవలే. నేను గూడ నమ్మలే. అద్దం తెచ్చి ముక్కు కాడ పెట్టి చూసిన." కొంచెం ఆగి, "ఆయనైనా గట్లనే చూస్తుండె," అంది.

అది నిజం. ఏ మాట విన్నా మామ మొదటి ప్రశ్న "ఎవరు చెప్పిండ్రు?" రెండోది "నువ్వు చూసినవా?" పత్రికాఫీసులో నాకు ఈ రెండు ప్రశ్నలూ నేర్పడానికి పెద్దలు చాలా కష్టపడ్డారు. అవి నాకు చిన్నప్పుడే వచ్చని వాళ్లకు చెప్పలేదు.

మామ మహారాష్ట్రలోని సోలాపూర్‌లో, తెలుగు నేతవాళ్లుండే దాజీ పేట్‌లో పుట్టాడు. మొదట చేతిమగ్గం, తర్వాత పవర్‌లూమ్. షెడ్డు మూతపడ్డాక హోట్గి రోడ్ పక్కన రేకుల కొట్టు పెట్టాడు. క్రేన్లు, తవ్వే యంత్రాలు, రోడ్డు రోలర్లు, జనరేటర్లు అక్కడికి వచ్చేవి. ఆయన బ్యాటరీలు అమ్మేవాడు కాదు. బ్యాటరీ మీద ఉండే సీసపు మొనకూ యంత్రానికి పోయే లావు తీగకూ మధ్య ఉండే బిగింపు, అదే టెర్మినల్, ఆయన పని అంతవరకే. ఇంత చిన్న పని మీద ఇల్లు ఎలా నడుస్తుందని ఒకసారి అడిగాను.

"బ్యాటరీ మంచిదే అమ్ముతరు అల్లుడా. తీగ మంచిదే అమ్ముతరు. మోసం నడుమ ఉంటది," అన్నాడు.

నేను కొట్టులో ఉండగా ఒకరోజు సామాను అమ్మే మనిషి వచ్చాడు. పెట్టె నిండా తళతళలాడే టెర్మినళ్లు.

"మామా, అస్సల్ ఇత్తడి. పక్కా."

"గీకుదునా?"

"కొత్త మాల్ మామా, గీకితే ఎవరు కొంటరు?"

మామ అప్పటికే ఆకురాయి తీశాడు. రెండుసార్లు రాసేసరికి పసుపు పూత పోయి కింద తెల్లటి లోహం బయటపడింది.

"ఇత్తడి ఎప్పటిసంది తెల్లగైంది రా?"

"నువ్వు పెండ్లిచూపులకు గూడ ఆకురాయి తీస్కపోయినవా మామా?"

"నేను తీస్కపోలే. మీ అత్తనే నన్ను గీకి చూసింది."

ఆ మనిషి నవ్వుకుంటూ పెట్టె సర్దుకున్నాడు. మామ కొట్టులో ఉండేవి చూడటానికి బాగుండని, బూడిదరంగు సీసపు టెర్మినళ్లు. లేదంటే గీకినా లోపల కూడా పసుపే ఉండే ఇత్తడివి. పెద్ద యంత్రం రోజంతా అదురుతుంది. పలచటి రేకుతో చేసిన బిగింపు ఆ అదురుకు నెమ్మదిగా వదులవుతుంది, బయటికి తెలియదు. తీగ బరువు టెర్మినల్ మీద వేలాడినా అంతే. అందుకని ఆయన తీగను పక్కనున్న ఇనుపచట్రానికి వేరే పట్టీతో కట్టేవాడు. తీగ చివర తొడిగే రాగి చెవిని, అంటే లగ్గును, ప్రెస్‌తో నొక్కించేవాడు. సుత్తితో కొట్టి నొక్కినది కనబడితే కోసి పారేసేవాడు. సీసపు మొన మీద బిగింపును సుత్తితో దిగగొట్టేవాళ్లను చూస్తే ఆయనకు మంట. గ్రీజు అంతా అయ్యాక పైన రాయాలి; బిగించేచోట రాసేవాడిని కొట్టులోకి రానిచ్చేవాడు కాదు.

అంతా అయినా తన పనిని తానే నమ్మేవాడు కాదు. టెర్మినల్‌ను ఉత్త చేత్తో పట్టుకొని గట్టిగా మెలిపెట్టేవాడు. వెంట్రుకవాసి కదిలినా మళ్లీ మొదటికి వచ్చేవాడు. తర్వాత యంత్రం స్టార్ట్ చేయించి దాని మీద అరచేతి వెనకభాగం పెట్టేవాడు. వెచ్చగా తగిలితే విప్పేవాడు. చివరికి మీటరు. దాని తీగ ముల్లు ఒకటి సీసపు మొన మీద, ఇంకోటి బిగింపు మీద పెట్టి, తాళం తిప్పమనేవాడు. ఆ రెంటి మధ్య వోల్టేజీ ఏమీ కనబడకూడదు. కనబడిందంటే అవి అంటుకున్నట్టు కనిపిస్తున్నాయి తప్ప అంటుకోలేదని అర్థం. మగ్గం మీద పడుగు దారాల బిగువును వేళ్లతో చూసిన మనిషికి ఇవన్నీ కొత్త పనులు కావు. డ్రైవర్లు మాత్రం విసుక్కునేవారు. "మామ బిగించుడు అయిదు నిమిషాలు, అనుమానం గంట," అనేవారు.

ఆ అనుమానం ఒకసారి ఆయన మీదికే తిరిగింది.

దాజీ పేట్‌లో ఒక పాత షెడ్డు ఖాళీ చేస్తున్నారు. క్రేన్‌తో మగ్గాలను లారీలోకి ఎక్కిస్తున్నారు. ఒక మగ్గాన్ని తాళ్లు సరిచేయడానికి నేల మీదికి దించి డ్రైవర్ ఇంజన్ ఆపాడు. మగ్గం ఒరిగి అక్కడున్న నేతకార్మికుడి కాలి మీద పడింది. డ్రైవర్ తాళం తిప్పాడు. లైట్లు వెలిగాయి. ఇంజన్ 'టక్' మంది, అంతే. జనం గడ్డపారలు తెచ్చి మగ్గాన్ని లేపేదాకా ఆ కాలు దాని కిందే ఉంది. కాలు దక్కింది గాని మునుపటిలా కాలేదు.

ఆ వార్త రాసింది నేనే. అందులో ఒక వాక్యం ఇది: "క్రేన్ బ్యాటరీ కనెక్షన్‌కు మూడు రోజుల క్రితమే మరమ్మతు చేయించినట్లు తెలిసింది." యజమాని చెప్పాడు, డ్రైవర్ ఔనన్నాడు. ఎవరు చేశారో రాయలేదు. దాజీ పేట్‌లో అది రాయనక్కర్లేదు. నిజం చెప్పాలంటే నాకూ మామ మీదే అనుమానం. వయసు మీద పడింది, చెయ్యి వదులైందేమో అనుకున్నాను. మేనమామ అని వదిలేస్తే నేనేం విలేకరినని కూడా అనుకున్నాను.

మర్నాడు మామ పేపరు పట్టుకొని వచ్చాడు. ఆ వాక్యం మీద వేలు పెట్టాడు.

"దీంట్ల అబద్ధం ఒక్కటి లేదు అల్లుడా. గీకి చూసిన, బరోబర్ ఉన్నది. కానీ ఢిలా ఉన్నది, వదులు. నడువు, చూసొద్దాం."

క్రేన్ యజమాని యార్డులో నిలబెట్టి ఉంది. డ్రైవర్ అక్కడే ఉన్నాడు. కాలు దెబ్బతిన్న మనిషికి స్వయానా తమ్ముడు. మామ బ్యాటరీ డబ్బా మూత తీసి, ఏమీ ముట్టుకోకుండా వంగి చూశాడు.

"టెర్మినల్ నాదే. బ్యాటరీ నాది గాదు," అన్నాడు చివరికి. "ఎప్పుడు మార్చినవ్ రా?"

డ్రైవర్ నేల చూశాడు. "దాన్ని ఇంకో బండికి వేసిండ్రు మామా. దానిది దీనికి వేసిన."

కొత్తగా పెట్టిన బ్యాటరీ మొన సన్నం. దానికీ బిగింపుకూ మధ్య ఏదో మెరుస్తోంది. మామ కొస పట్టుకొని లాగాడు. బంగారురంగు దారం మూరెడు వచ్చింది, ఇంకా వస్తూనే ఉంది. చీర అంచుల్లో వేసే జరీ.

"ఢిలా ఉంటే చుట్టిన మామా," అన్నాడు డ్రైవర్. "మా తాత టెంపో బ్యాటరీకి గిట్లనే చుట్టేటోడు. జరీ అంటే రాగి గదా, మీద వెండి."

నేతవాళ్ల పిల్లలు కానివాళ్లకు ఈ ఆలోచన రాదు. తాత కాలపు జరీలో నిజంగానే సన్నటి రాగి తీగ ఉండేది. మామ అగ్గిపుల్ల గీశాడు. జరీ అసలుదో కాదో చూడటానికి దాజీ పేట్‌లో అందరూ చేసే పరీక్షే అది. అసలుదైతే దారం కాలి తీగ మిగులుతుంది. ఇది ముడుచుకుపోయి, నల్లటి పూస కట్టి, ప్లాస్టిక్ కంపు కొట్టింది.

"మీ తాత జరీ గాదు బిడ్డా ఇది. అసలుది, ఖరా జరీ అయినా క్రేన్‌కు ఆగదు, మాడిపోతది. సన్నం మొనకు సీసం తొడుగు దొరుకుతది. ఒక్క మాట నన్ను అడగవైతివి."

డ్రైవర్ మిగతా జరీని లాగి తీశాడు. "మా అన్న కాలు..." అన్నాడు.

నాకు అనుమానం అప్పుడూ పోలేదు. యార్డులో ఆ ఇంకో బండి డబ్బా తెరిపించి చూశాను. మామ బిగించిన బ్యాటరీ అందులో ఉంది. లావు మొన మీద ఆయన బిగింపు లోపలి పళ్లు కొరికిన గుర్తులు చుట్టూ సమానంగా పడి ఉన్నాయి; ఆయన బిగించింది వదులు కాదు. ఈసారి రాయడానికి నా దగ్గర అంతా ఉంది. దారిలో ఆ మాటే అన్నాను.

"నక్కో, వద్దు," అన్నాడు మామ. "రేపు నువ్వు రాస్తవ్. ఎల్లుండి ఆ ఇంట్ల అన్నదమ్ములిద్దరు ఒక్క చోట కూసోని అన్నం ఎట్ల తింటరు?"

"మరి నీ పేరు?"

"నా పేరేమన్న పూత వేసిందా? గీకి చూసుకుంటరు తియ్యి."

అంత తేలిగ్గా జరగలేదు. కొన్ని బండ్లు హోట్గి రోడ్ మీద ఆయన కొట్టు దాటి పోయి వేరే కొట్ల దగ్గర ఆగేవి. వచ్చినవాళ్లు కూడా "జర మంచిగ చూడు మామా" అనేవారు. మామ అలవాటు ఒక్కటి మారింది. బిగించాక తాను మెలిపెట్టి చూసి, చేతులు తుడుచుకొని, "ఇప్పుడు నువ్వు మెలిపెట్టి చూడు," అని డ్రైవర్‌కు వదిలేసేవాడు. వాళ్లు మెలిపెట్టేదాకా బండి కదలనిచ్చేవాడు కాదు. ఆయన పోయేదాకా నేను ఆ వాక్యాన్ని సరిదిద్దలేదు. ఆయన వద్దన్నాడన్నది నిజమే. అది నాకు సులువుగా ఉండిందన్నదీ నిజమే.

మామ పోయిన పదకొండో రోజు, బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో అత్త ఇంటి ముందుకు క్రేన్ వచ్చింది. డ్రైవర్ దిగాడు. రెండోవైపు నుంచి వాళ్లన్న, ఒక కాలు ఈడుస్తూ దిగాడు.

"అన్నకు చెప్పిన సార్. మామ పోయిన నాడే చెప్పిన," అన్నాడు డ్రైవర్ నాతో. "రాయండ్రి. నా పేరు గూడ వెయ్యండ్రి."

నేను అన్న వైపు చూశాను.

"అప్పుడే చెప్తే తంతుంటి," అన్నాడతను. "ఇప్పుడు ఆ కాలు లేస్తలేదు గదా, ఏం జేస్త?" తమ్ముడి భుజం మీద చెయ్యి వేసింది ఆనుకోవడానికో, ఇంకెందుకో చెప్పలేను. పేరు మాత్రం వేయడం లేదు. మామ ఉంటే వేయనిచ్చేవాడు కాదు.

అత్త చేటలో బీడీ ఆకులు పక్కకు పెట్టి లేచింది.

"రాసుడు తర్వాత. ముందుగాల ఆ డబ్బా తెరువు."

డ్రైవర్ మూత తీశాడు. లోపల బూడిదరంగు సీసపు టెర్మినళ్లు, వాటి పైన నల్లటి గ్రీజు, సన్నటి మొనకు సీసం తొడుగు, తీగకు వేరే పట్టీ. అత్త కొంగు నడుముకు దోపుకొని, ఎన్నో ఏళ్లుగా బీడీలు చుట్టి గట్టిపడిన వేళ్లతో టెర్మినల్‌ను పట్టుకొని మెలిపెట్టింది. ఒకసారి. మళ్లీ రెండు చేతులతో. ముగ్గురు మగవాళ్లం చూస్తూ నిలబడ్డాం. అది కదల్లేదు.

అత్త తల ఊపి, వచ్చి చేట ముందు కూర్చుంది. చేతులు తుడుచుకోలేదు. ఆ పూట ఆమె చుట్టిన బీడీలన్నిటి మీదా సన్నగా నల్లటి గ్రీజు గుర్తు పడుతూ వచ్చింది.