మాటల్లేని నాటిక

మా తోటలో మామిడిచెట్టు మీంచి పడి చనిపోయిన మనిషి గురించి నేనొక నాటిక తయారుచేశాను. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. ఆ మనిషి కొడుకు కాలేజీలో నా క్లాస్‌మేటు. కాలేజీలో నన్ను నువ్వు అనేవాడు, తోటలో కనబడితే మీరు అనేవాడు. దాని గురించి మేమెప్పుడూ మాట్లాడుకోలేదు.

ఎనభైల్లో మా వైపు నాటకాల పోటీలకి కొదవలేదు. కానీ ఆ ఏడాది నూజివీడులో కొందరు కుర్ర లెక్చరర్లు పెట్టిన పండగ వేరు. పాతికేళ్ళు దాటినవాళ్ళు వెయ్యకూడదు. ఇదివరకు ఎక్కడా ఆడింది కాకూడదు. అందరూ వేసేలా ఉండకూడదు. కరెంటుని నమ్మలేక పగటిపూటే పెట్టారు, సీజన్ అయిపోయి ఖాళీ పడ్డ ఒక మామిడికాయల షెడ్డులో. నేల మీద ఇంకా వరిగడ్డి ఉంది, సొన వాసన పోలేదు.

మా నాటికలో మాటలుండవు. నలుగురు కాయలు కోసి గంపల్లో సర్దుతుంటారు. ఒకడు చెట్టు మీంచి పడతాడు. మిగతావాళ్ళు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ సర్దడం మొదలుపెడతారు. అంతే. నిజంగా జరిగిందీ అంతే. రెండేళ్ళ ముందు, హనుమాన్ జంక్షన్ నుంచి వచ్చిన లారీ తోట బయట నిలబడి ఉండగా అతను పడ్డాడు. "ఇద్దరు అతన్ని బండెక్కించండి, మిగతావాళ్ళు లోడు కానివ్వండి" అన్నారు మా నాన్న. ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. నేను గట్టు మీద నిలబడి చూస్తూ ఉండిపోయాను.

కథ ముందు ఆ క్లాస్‌మేటుకే, నా స్నేహితుడికే చెప్పాను.

"మా నాన్న వేషం ఎవరు వేస్తారు?" అన్నాడు.

"నువ్వేస్తే బాగుంటుంది."

"సరే."

వాళ్ళ నాన్న పడ్డ రోజు అతను ఊళ్ళో లేడు, పరీక్ష రాస్తున్నాడు. అందుకని రిహార్సల్స్‌లో ప్రతిదీ నన్నే అడిగేవాడు. "ఎటు పడ్డాడు? చెయ్యి కిందుందా, పక్కకుందా? కళ్ళు తెరిచే ఉన్నాయా?" నేను డైరెక్టర్‌ని కదా, అన్నీ వివరంగా చెప్పేవాణ్ణి. "ఇంకొంచెం ఎడం పక్కకి" అనేవాణ్ణి. మళ్ళీ ఎక్కి పడేవాడు. వాళ్ళ నాన్న ఎలా పోయాడో అతను నా దగ్గరే నేర్చుకున్నాడని అప్పుడు నాకు తట్టలేదు. నాటిక బాగా వస్తోందన్న సంబరంలో ఉన్నాను.

పండగ రోజు సన్నగా వాన. మైలవరం నుంచి వచ్చిన ఒకమ్మాయి పాటా తాళం లేకుండా, వెనక ఇద్దరు ఆడవాళ్ళు చేటలతో బియ్యం చెరుగుతుంటే ఆ చప్పుడుకి ఆడింది. జనం నవ్వారు. ఆమె చివరిదాకా ఆపకుండా ఆడి, లోపలికెళ్ళి ఏడ్చింది. తర్వాత మేము.

నా స్నేహితుడి తల్లి రెడ్డిగూడెం బస్సులో వచ్చి జనంలో కూర్చుందని మాకెవరికీ తెలీదు. కొడుకు నాటకంలో వేస్తున్నాడని మాత్రమే ఆమెకి తెలుసు.

అతను చెట్టుకి బదులు పెట్టిన నిచ్చెన మీంచి పడ్డాడు. నేను చెప్పినట్టే, ఎడం పక్కకి. "నీళ్ళు పట్రండయ్యా! ఎవరన్నా నీళ్ళు పట్రండి!" అంటూ ఆమె జనాన్ని తోసుకుంటూ వచ్చి, అతని తల ఒళ్ళో పెట్టుకుంది. అతను కళ్ళు తెరవలేదు, కదల్లేదు. ఏం జరిగినా ఆపొద్దని చెప్పి ఉన్నాను కాబట్టి మిగతా ముగ్గురూ గంపలు సర్దుతూనే ఉన్నారు. ఆమె వాళ్ళ కాళ్ళు పట్టుకుంది. అప్పుడు చప్పట్లు మొదలయ్యాయి.

"ప్రేక్షకుల్లోంచి పాత్రని తేవడం గొప్ప ప్రయోగమండీ. ఆవిడెవరు? ఎంత బాగా చేశారు!" అన్నాడు జడ్జీల్లో ఒకాయన.

"మా ఊరావిడండీ" అన్నాను.

షీల్డు మాకే ఇచ్చారు. అందుకోవడానికి నేనొక్కణ్ణే వెళ్ళాను. అప్పటికే అతను తల్లిని తీసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు కాలేజీ వరండాలో ఎదురయ్యాడు.

"ఆవిడ మా అమ్మేనని చెప్పారా వాళ్ళకి?"

"లేదు."

"చెప్పకండి."

కాలేజీలో అతను నన్ను మీరు అనడం అదే మొదటిసారి. కోపంగా కూడా అనలేదు. దసరా సెలవుల తర్వాత చదువు మానేసి జంక్షన్‌లో ఒక టైర్ల షాపులో చేరాడని తెలిసింది. రెండుసార్లు ఆ షాపు ముందునుంచే బస్సులో వెళ్ళాను. దిగలేదు.

వాళ్ళమ్మ తర్వాతి సీజన్‌లోనూ మా తోటలో పనికొచ్చింది. ఒక మధ్యాహ్నం నన్ను చూసి తలమీద కొంగు సర్దుకుంటూ దగ్గరికొచ్చింది.

"బాబూ, మావోడు మళ్ళీ నాటకాలు ఎయ్యడా అండీ?"

"తెలీదమ్మా. నాతో మాట్లాట్టం లేదు."

"నా మూలానే. మధ్యలో పడి చెడగొట్టాను గదా. మీరందరూ ఎంత కష్టపడ్డారో ఏమో! నాకప్పుడు ఒళ్ళు తెలీలేదు బాబూ. తప్పయిపోయింది."

చెడగొట్టలేదమ్మా, నీ వల్లే బహుమతి వచ్చింది అనబోయాను. ఆమె నా జవాబు కోసం అలాగే నిలబడి ఉంది. మా నాన్న పిలుస్తున్నారని చెప్పి అక్కణ్ణించి వచ్చేశాను. ఎవరూ పిలవలేదు.